సంఘ స్వాతంత్ర్యము - సభ్యత్వము

సంఘంలో ఎవరిని చేర్చుకొనవలెనో నిర్ణయించే అధికారం ఎవరిది? మన దేశంలో ఈ ప్రశ్న ఒక సాహిత్య సంస్థ మూలంగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. అలహాబాదులోని హిందీ సాహిత్య సమ్మేళనాన్ని గురించి పార్లమెంటు 1962లో ఒక శాసనం చేసి, పాత సభ్యుల సమ్మతితో నిమిత్తం లేకుండ కొత్తవారికి అందులో ప్రవేశం కల్పించినది. దమయంతీ నారంగా కేసులో 1971లో కోర్టు ఆ శాసనాన్ని కొట్టివేసినది. సంఘాన్ని స్థాపించుకొనే హక్కులో, తాము ఎంచుకొన్నవారితోనే దానిని సాగించుకొనే హక్కు కూడ ఇమిడి ఉన్నదని ఆ తీర్పు సారాంశం.

సంఘాన్ని ప్రభుత్వం నుండి కాపాడిన ఈ సూత్రమే వ్యక్తిని వెలివేయడానికి సాధనం కాగలదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జేమ్స్ డేల్ అనే యువకుడు బాయ్ స్కౌట్ల దళానికి సహాయ నాయకుడుగా ఉండెను. అతడు స్వలింగానురక్తుడని తెలిసినంతనే 1990లో ఆ సంస్థ అతనిని తొలగించినది. 1999లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం అతనికి అనుకూలంగా చెప్పిన తీర్పును, 2000లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు కాగా, త్రోసిపుచ్చినది. సంస్థ చాటదలచిన భావానికి అతని సభ్యత్వం విఘాతమని అధికసంఖ్యాకుల అభిప్రాయం. అయినను ఆ నిషేధాన్ని 2013లో బాలుర విషయంలోను, 2015లో నాయకుల విషయంలోను సంస్థయే ఎత్తివేసికొన్నది. న్యాయస్థానం చేయని పనిని కాలం చేయించినది.

మన దేశంలో 2005లో, అహమ్మదాబాదులోని జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసికొనవచ్చునని సుప్రీంకోర్టు అంగీకరించినది. తరువాత 2018 సెప్టెంబరు 6న, నర్తకుడు నవతేజ్ సింగ్ జోహర్ ప్రభృతుల కేసులో, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన సంబంధాలకు వర్తింపదని అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రకటించినారు. హిజ్రాల పేర్లను ప్రభుత్వపు పట్టికలో నమోదు చేయవలెనని శాసించిన నిజాం కాలపు 1329 ఫసలీ చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రద్దుచేసినది.

ఈ విధంగా రాజ్యం వేసిన నేరముద్ర చెరిగిపోయినది. కాని స్వలింగానురక్తుని చేర్చుకొనని ప్రైవేటు సంఘాన్ని నిలదీసే ప్రత్యేక శాసనం మనకు లేదు. రాయపూరు చేరువనున్న మందిర్ హసౌద్ వంటి చిన్న పట్టణంలో, ఒక సమాజం కాదన్నవానికి మరొక సమాజాన్ని వెదకికొనడం మహానగరంలో వలె సులభం కాదు. అచ్చట వెలి అంటే కేవలం సభ్యత్వం పోవడం కాదు, నలుగురిలో కూర్చుండే చోటు పోవడం. సంఘ స్వాతంత్ర్యం విలువైనదే. అయితే ఆ స్వాతంత్ర్యం తోడును కూర్చుకొనడానికి పుట్టినదే గాని, తోడులేనివారిని పెంచడానికి పుట్టినది కాదు.