మండలం ఎలా పుట్టింది? పొలిటికల్ సైన్స్‌లో ఒక డిజైన్ పాఠం

బాచుపల్లి నుంచి మాట్లాడుతున్నాను.

బీటెక్‌లో మాకు రాజ్యాంగం మీద ఒక సబ్జెక్ట్ ఉండేది. పరీక్ష ముందురోజు రాత్రి ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టాం, రాశాం, మర్చిపోయాం. తర్వాత ఉద్యోగంలో డిజైన్ థింకింగ్ నేర్పారు. ముందు యూజర్ బాధ విను, అసలు సమస్యేంటో తేల్చు, ఐడియాలు రాయి, చిన్న నమూనా కట్టు, వాడించి చూడు. అంతే.

తమాషా ఏంటంటే, దీనికి పునాది వేసినవాళ్లలో ఒకరైన హెర్బర్ట్ సైమన్ పీహెచ్‌డీ చేసింది పొలిటికల్ సైన్స్‌లోనే, 1943లో, చికాగోలో. ఆయనకు 1975లో ట్యూరింగ్ అవార్డు, 1978లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చాయి. అంటే ఈ పద్ధతిని పొలిటికల్ సైన్స్ క్లాసుకి తీసుకెళ్లడం కొత్తేం కాదు, పుట్టింటికి పంపడమే.

మన కేసే చూద్దాం. ఒకప్పుడు ఒక్క సంతకం కోసం రైతు తాలూకా ఆఫీసుకి పోవాలి. దూరం, బస్సు ఖర్చు, ఆ రోజు పని పోయినట్టే. ఊళ్లో లెక్కలేమో వంశపారంపర్యంగా పటేల్, పట్వారీల చేతిలో. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు తీసేసింది. 1985లో తాలూకాల బదులు చిన్న చిన్న మండలాలు వచ్చాయి. సుమారు 330 పంచాయతీ సమితులున్న చోట దాదాపు 1,100 మండలాలు! 1987లో మండలాధ్యక్షుల్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు.

క్లాసులో దీన్ని ‘మండల వ్యవస్థ లక్షణాలు రాయండి, 10 మార్కులు’ అని అడుగుతారు. అదే డిజైన్ పద్ధతిలో అయితే స్టూడెంట్స్ ఒక పూట తహసీల్దార్ ఆఫీసు దగ్గర కూర్చోవాలి. ‘పెద్దమ్మా, ఈ పని మీద ఎన్నోసారి వచ్చారు?’ అని అడగాలి. ఆమె ఎక్కడ ఆగిపోయిందో కాగితం మీద గీయాలి. అప్పుడు మార్పు చెప్పాలి.

కానీ ఒక తేడా ఉంది. యాప్‌లో బటన్ మారిస్తే ఎవరి పెత్తనమూ పోదు. ఇక్కడ రైతుకి ఆఫీసు దగ్గరైతే పట్వారీ పెత్తనం పోయింది. ‘దీనివల్ల ఎవరు నష్టపోతారు, వాళ్లు ఊరుకుంటారా?’ అన్న ప్రశ్న డిజైన్ వర్క్‌షాప్‌లో నన్నెవరూ అడగలేదు. అది పొలిటికల్ సైన్స్ నేర్పాలి. అందుకే రెండూ కావాలి.

మా బాచుపల్లి 2016లో కుత్బుల్లాపూర్ నుంచి విడిపోయి మండలమైంది. 2019లో నిజాంపేట కార్పొరేషన్‌లో కలిసింది. మా వీధిలో డ్రైనేజీ పొంగినప్పుడు ఎవరికి చెప్పాలని ముగ్గురు ఇంజినీర్ ఫ్రెండ్స్‌ని అడిగితే మూడు సమాధానాలొచ్చాయి. నాకూ తెలీదు! ఎక్కడో ఉన్న యూజర్ బాధ మనకి తెలుసు, మన వీధిలో మనమే యూజర్లమని మాత్రం మర్చిపోయాం.

ఈ వీకెండ్ ఒక్క పని చేయండి. మీ వీధి సమస్య ఏ ఆఫీసుదో కనుక్కోండి. మీ ఓటు ఇక్కడుందో, ఊళ్లో ఉందో కూడా చూస్కోండి. ఉంటాను మరి!