యూనిక్స్ సర్వర్ గడియారం, సింగపూర్ సమయం

యూనిక్స్ సర్వర్ 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి సెకన్లు లెక్కిస్తుంది. స్థానిక సమయం ఆ లెక్కను తెరమీద చూపేటప్పుడే పుడుతుంది. తెరమీద సమయం తప్పుగా కనిపించినా, 'డేట్ -యు' ఆదేశం చూపే యూటీసీ సరిగ్గా ఉంటే గడియారాన్ని ముట్టుకోకూడదు. టైమ్‌జోన్ అమరికను చూడాలి.

సింగపూర్ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మలేషియా తన రెండు ప్రాంతాల సమయాన్ని ఒకటి చేసినప్పుడు సింగపూర్ కూడా దాన్ని అనుసరించింది. 1981 డిసెంబరు 31 రాత్రి 11:30 కాగానే 1982 జనవరి 1 మొదలైంది. అంతవరకు యూటీసీకి ఏడున్నర గంటలు ముందున్న దేశం ఎనిమిది గంటలకు మారింది. సింగపూర్‌లోని టోవా పాయోలో 1975లో ఉదయం 10 గంటలకు పుట్టిన బిడ్డకు యూటీసీ 2:30. ప్రోగ్రాము ఎప్పటికీ ఎనిమిది గంటలే తీసేస్తే 2:00 అవుతుంది. జాతకం వేయించే తెలుగు కుటుంబానికి ఆ అరగంటలో లగ్నమే మారిపోవచ్చు. కాబట్టి అంకె రాయకుండా 'ఏసియా/సింగపూర్' అనే పేరే వాడాలి. పరీక్ష సులువు: ఆ అమరికలో సున్నా సెకను ఉదయం 7:30గా కనిపించాలి, 8:00గా కాదు.

యూటీసీయే తప్పుగా ఉంటే దారి వేరు. కచ్చితంగా ఎనిమిది గంటల తేడా ఉంటే హార్డ్‌వేర్ గడియారం స్థానిక సమయంలో నడుస్తోందేమో చూడాలి. తేడా మెల్లగా పెరుగుతుంటే, గడియారాన్ని నెట్‌వర్క్ సమయంతో సరిచూసే క్రోనీ ప్రోగ్రాము స్థితిని 'క్రోనీసీ ట్రాకింగ్' ఆదేశంతో చూడాలి. ఆ సమయం వచ్చే యూడీపీ 123 పోర్టును ఫైర్‌వాల్ మూసేసి ఉండటం మామూలే. డేటాబేస్ నడుస్తుండగా గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పకూడదు, రికార్డుల వరుస చెదురుతుంది. క్రోనీ దాన్ని నెమ్మదిగా సర్దుతుంది.