యంత్రాన్ని ప్రశ్నించిన గని కార్మికులు



అమెరికాలోని ఆమిష్ ప్రజల గురించి మీలో కొందరు వినే ఉంటారు. గుర్రపు బగ్గీల్లో తిరుగుతారు. ఇంటికి కరెంటు లైను తీసుకోరు. కాబట్టి వారికి యంత్రాలంటే గిట్టదని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు.

1693లో యాకోబ్ అమ్మన్ అనే మతపెద్ద వెంట యూరపులో వేరుపడిన ఈ శాఖవారు 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరారు. కొత్త వస్తువు ఏది వచ్చినా వీరు ముందు ఆలోచించేది ఒక్కటే: ఇది మన కుటుంబాన్ని, సంఘాన్ని కలిపి ఉంచుతుందా, విడదీస్తుందా? అందుకే చాలాచోట్ల టెలిఫోను ఇంట్లో కాక బయట ఒక చిన్న గదిలో ఉంటుంది. ఆ నిర్ణయం ఒక్కరిది కాదు, సంఘమంతటిదీ.

మన దేశంలో ఇలాంటి ప్రశ్న ఎవరైనా వేశారా? వేశారు, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం అందించిన గని కార్మికులు.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఈ కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దశాబ్దాలుగా మన రైల్వేలకు పట్టాలు అందిస్తున్న కర్మాగారం ఇదే. దీనికి కావలసిన ఇనుప ఖనిజం సుమారు 90 కి.మీ. దూరంలోని దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చేది. అక్కడ వేలాది కాంట్రాక్టు కార్మికులు, ఆడా మగా, చేతులతోనే రాయి పగలగొట్టి లారీలకు ఎత్తేవారు. 1977లో వారు ‘ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్’ ఏర్పాటు చేసుకున్నారు. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి ఒకప్పుడు భిలాయ్ కర్మాగారంలోనే కార్మికుడు.

ఆ రోజుల్లోనే గనుల్లో పూర్తి యాంత్రీకరణ ప్రతిపాదన వచ్చింది. అది వస్తే ఏమవుతుందో బస్తర్‌లోని బైలదిల్లాలో అప్పటికే కనిపించింది. మన విశాఖ రేవు మీదుగా జపాన్‌కు వెళ్లిన ఖనిజం అక్కడిదే. 1978లో యాంత్రీకరణ వల్ల అక్కడ వేలాది కాంట్రాక్టు కార్మికుల ఉపాధికి ముప్పు వచ్చింది. ఆందోళనకు దిగినవారిపై ఏప్రిల్‌లో కిరండూల్ వద్ద పోలీసు కాల్పులు జరిగాయి.

దల్లీ కార్మికులు యంత్రం అసలే వద్దనలేదు. పాక్షిక యాంత్రీకరణ చాలన్నారు. కొన్ని దశల్లో యంత్రాలు వాడి, మిగతా పని మనుషులకే ఉంచితే ఖర్చు పెరగదు, ఉపాధీ పోదు అని వాదించారు. దాంతో పూర్తి యాంత్రీకరణ కొన్నేళ్లు వెనక్కి జరిగింది. పెరిగిన కూలి సారాకు పోకూడదని మద్యపాన వ్యతిరేక ఉద్యమం కూడా నడిపారు. 1983లో తమ చందాలతో, శ్రమతో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆమిష్ రైతు తన పొలానికి తానే యజమాని. గని కార్మికుడికి గని సొంతం కాదు. అతను అడగగలడు, బేరమాడగలడు, అంతే. నియోగి తర్వాత భిలాయ్ ప్రైవేటు పరిశ్రమల్లోని కాంట్రాక్టు కార్మికుల పోరాటానికి నాయకత్వం వహించారు. ఆ పోరాటం సాగుతుండగానే 1991 సెప్టెంబరు 28న, నిద్రలో ఉన్న ఆయనను కాల్చి చంపారు.

బండరాళ్లు మోయడం గొప్ప జీవితమని ఈ పాఠం చెప్పడం లేదు. అది నడుము విరిచే పని. ఆ బరువును యంత్రం మోస్తే మంచిదే. అయితే ఆ బరువు మోసి బతికిన మనిషి రేపు ఏం చేయాలో కూడా ముందే ఆలోచించాలి. మీ ఇంటికో, కళాశాలకో ఈసారి ఒక కొత్త యంత్రం వచ్చినప్పుడు, అది ఎవరి శ్రమ తగ్గించింది, ఎవరి పని తీసుకుంది, వారిని ఎవరైనా ముందుగా అడిగారా అన్నది విచారించి రాయండి.