నలుగురేసి, ఆరుగురేసి: పిల్లల చెస్ పోటీకి చరిత్ర చూపే దారి

2002 అక్టోబరులో హైదరాబాదులో చదరంగం ప్రపంచ కప్పు జరిగింది. ఫైనల్లో రుస్తం కాసింజానోవ్‌ను ఓడించి విశ్వనాథన్ ఆనంద్ కప్పు గెలిచిన సంగతి చాలామందికి గుర్తుంది. ఆ పోటీ నడిచిన తీరు మాత్రం దాదాపుగా మరుగునపడింది. వచ్చిన 24 మందిని ఆరుగురేసి చొప్పున నాలుగు గుంపులు చేశారు. గుంపులో ప్రతి ఒక్కరూ తక్కిన అయిదుగురితోనూ ఆడారు. ఒక్కో గుంపు నుంచి ఇద్దరేసి క్వార్టర్ ఫైనల్స్‌కు వెళ్లారు. తొలి ఆట ఓడిపోయినవాడికి ఇంకా నాలుగు ఆటలు మిగిలే ఉన్నాయన్నమాట. అదే ఊళ్లో, మూసీకి దక్షిణాన పాతబస్తీ బడుల్లో పిల్లలకు పోటీలు పెట్టేవాళ్లు ఆ ప్రపంచ కప్పు నుంచి తీసుకోదగినది ఈ చిన్న గుంపుల పద్ధతే అని నా వాదన. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు, దీని వెనక నూటయాభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది.

1851లో లండన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ పోటీలో 16 మందిని, ఓడినవాడు బయటికి పోయే నాకౌట్ పద్ధతిలో ఆడించారు. జతలు చీటీలతో తేల్చారు. పారిస్‌లో ఎంతో పేరున్న కీసెరిట్స్కీకి తొలి రౌండులోనే జర్మన్ ఆటగాడు ఆండర్సన్ తగిలాడు, కీసెరిట్స్కీ ఓడి వెనుదిరిగాడు. చివరికి పోటీ గెలిచింది కూడా ఆండర్సనే. అంటే విజేత చేతిలో ఓడినవాడు ఎంత బలమైనవాడో పట్టికలో ఎక్కడా కనబడలేదు. పదకొండేళ్ల తర్వాత, 1862లో, అదే లండన్‌లో అందరూ అందరితో ఆడే పద్ధతి పెట్టారు. దానికీ ఒక తలనొప్పి ఉంది, ఎవరు ఎవరితో ఎప్పుడు, ఏ రంగు పావులతో ఆడాలన్న లెక్క. 1886లో రిచర్డ్ షూరిగ్ తయారుచేసిన పట్టికలను యోహాన్ బెర్గర్ తన పుస్తకాల్లో అచ్చు వేయడంతో ఆ చిక్కు తీరింది. నేటికీ వాటిని బెర్గర్ పట్టికలనే అంటారు. ఇక జనం ఎక్కువ, రోజులు తక్కువ అయినప్పుడు ఏం చేయాలన్నదానికి జవాబు చెప్పింది యూలియస్ మ్యూలర్ అనే బడిపంతులు. సమాన పాయింట్లున్న వాళ్లను జతచేసే స్విస్ పద్ధతి ఆయనదే, 1895లో జ్యూరిక్‌లో మొదలైంది. మూడు పద్ధతులూ వేరువేరు అవసరాలకు పుట్టాయి. పిల్లలకు ఏది కావాలో తేల్చే ముందు మన అవసరం ఏమిటో చూసుకోవాలి.

పాతబస్తీలో ఎన్నో సర్కారు బడులు అద్దె భవనాల్లో నడుస్తాయి, ఒకే కప్పు కింద రెండు మూడు బడులు ఉండే చోట్లూ ఉన్నాయి. పెద్ద హాలు దొరకదు. రంజాన్ నెలలో ఉర్దూ మీడియం బడులు మధ్యాహ్నానికే ముగుస్తాయి. ఇలాంటి చోట నలుగురి గుంపుకు కావలసింది రెండు బోర్డులు, మూడు రౌండ్లు, ఆరు ఆటలు. ఒక్కొక్కరికి 25 నిమిషాలిచ్చినా మూడు గంటల్లో అయిపోతుంది. 32 మంది పిల్లలను నాకౌట్‌లో ఆడిస్తే 31 ఆటలతో సరి. కాని అందులో 16 మంది ఒక్క ఆట ఆడి ఇంటిదారి పడతారు. వాళ్లనే ఎనిమిది గుంపులు చేస్తే 48 ఆటలు, ఎవరికీ మూడుకు తక్కువ కావు. ఆ అదనపు 17 ఆటలూ ఎవరికి దక్కుతున్నాయో చూడండి. ఎక్కువ భాగం, నాకౌట్ అయితే మొదటి గంటలోనే బయటికి పంపేసే పిల్లలకే. ఆట నేర్చుకోవలసిన అవసరం అందరికంటే ఎక్కువ వాళ్లకే కదా.

స్విస్‌లోనూ అందరూ చివరిదాకా ఆడతారు గదా అని అడగొచ్చు. నిజమే, వందమంది వచ్చే పోటీకి దాన్ని మించింది లేదు. అయితే దాని తొలి రౌండులో పై సగం వాళ్లకు కింది సగం వాళ్లను జతచేస్తారు కాబట్టి కొత్తపిల్ల మొదటి ఆటే గట్టి ఆటగాడితో. తర్వాతి జత ఎవరో రౌండు ముగిసేదాకా తెలియదు. ఆరుగురే ఉన్నచోట అయిదు రౌండ్ల స్విస్ పెడితే తేలేది ఎలాగూ అందరితో అందరూ ఆడటమే. బెర్గర్ పట్టిక ఒక కాగితం మీద పడుతుంది, కంప్యూటర్ లేని టీచరు కూడా నడపగలరు. రేపు ఎవరితో, తెల్లపావులా నల్లపావులా అన్నది పిల్లలకు ముందే తెలుస్తుంది, ఇంట్లో కూర్చుని సిద్ధం కావచ్చు.

గట్టి అభ్యంతరం మరొకటి, కుమ్మక్కు. 1962లో కురసావ్‌లో ప్రపంచ విజేతను సవాలు చేసేవాడిని తేల్చే క్యాండిడేట్స్ పోటీలో, ఎనిమిది మంది అందరూ అందరితో ఆడినచోట, సోవియట్ ఆటగాళ్లు పెత్రోస్యాన్, గెల్లర్, కెరెస్ తమలో తాము ఆడిన 12 ఆటలనూ డ్రా చేసుకున్నారు. అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ కుమ్మక్కని బహిరంగంగా ఆరోపించాడు, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఆ పోటీనే ముఖాముఖి మ్యాచులుగా మార్చింది. హైదరాబాదు పద్ధతి కూడా నిలవలేదు, 2005లో ప్రపంచ కప్పు 128 మంది నాకౌట్ అయింది. ఈ సాక్ష్యాన్ని నేను తోసిపుచ్చను. కాని ఆ మార్పులు ప్రపంచ కిరీటానికి దారి తేల్చడానికి చేసినవి, నేర్చుకునే పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా కుమ్మక్కుకు విరుగుడు ఉంది. ఒకే బడి పిల్లలను వేరు గుంపుల్లో వేయాలి, తప్పనప్పుడు వాళ్ల ఆటను మొదటి రౌండులోనే పెట్టాలి. పెద్దల పోటీల్లో ఒకే దేశంవాళ్ల విషయంలో పాటించే జాగ్రత్త అదే.

గుంపులో ఒకరు మరీ బలంగా, ముగ్గురు మరీ బలహీనంగా ఉంటే ఆట చప్పబడుతుందన్నది ఒప్పుకోవలసిన మాట. అందుకే గుంపులను ఆట బలం ప్రకారం కట్టి, కింది గుంపులో మొదట నిలిచినవాళ్లను వచ్చేసారి పై గుంపుకు పంపాలి. నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో ఇది ఏళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ. 2022 జనవరిలో అక్కడ 14 మంది ఛాలెంజర్స్ గుంపులో 13 ఆటలకు పదిన్నర పాయింట్లు సాధించిన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి, మరుసటి ఏడాది మాస్టర్స్ గుంపులో మాగ్నస్ కార్ల్‌సన్ ఆడుతున్న పోటీలో కూర్చున్నాడు.