సేతువు – కాలువ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి మాల ధరించి కొండగట్టు అంజన్నను సేవింప వచ్చు మనకు సేతుబంధన కథ క్రొత్త కాదు. నలుడు దినమునకు వరుసగా 14, 20, 21, 22, 23 యోజనముల చొప్పున, అయిదు దినములలో నూరు యోజనములు కట్టించెనని వాల్మీకి లెక్క.

సింహళమును చుట్టిరాకుండ నౌకలు పోవుటకు కాలువ త్రవ్వవలెనను ఆలోచన 1860 నాటిది. 2005 జూలై 2న మదురైలో ఆ పనికి ప్రారంభోత్సవము జరిగినది. పొడవు 167 కిలోమీటర్లు, అంచనా 2,427 కోట్ల రూపాయలు. ఎంచుకొన్న మార్గము సేతువును ఖండించునది.

2007లో వ్యాజ్యము సుప్రీంకోర్టులో నడచుచుండగా, వాదులు సేతువు కట్టబడినదనిరి. పురావస్తు శాఖ అది ఇసుక, పగడముల సహజ నిర్మాణమనెను. అంతటితో ఆగియుండిన తగవు కాలువ దారివరకే నిలిచెడిది. సముద్ర శాస్త్రజ్ఞుడు, మత్స్యకారుడు, ఓడ నడుపువాడు చెప్పవలసిన సంగతి అది. కాని రామాయణ పాత్రలుండిరనుటకు చారిత్రకాధారము లేదని కూడ ఆ ప్రమాణపత్రమున వ్రాసిరి. దారి అడుగబోయి రాముని ఉనికిని ప్రశ్నించుట ఎందులకో మాకు నేటికిని బోధపడదు! దేశమంతట అలజడి రేగగా కొలది దినములలోనే దానిని ఉపసంహరించుకొనిరి.

2008లో ప్రత్యామ్నాయ మార్గ పరిశీలనకు పచౌరీ సంఘము ఏర్పడినది. ఆ మార్గమును లాభకరము కాదని తేల్చినది. సేతువునకు హాని చేయబోమని 2018 మార్చిలో కేంద్రము న్యాయస్థానమునకు విన్నవించినది. 2023 జనవరిలో మాత్రము, కాలువ పనిని జాప్యము లేక చేపట్టవలెనని తమిళనాడు శాసనసభ తీర్మానించినది.