కొట్టివేతలకూ ఒక చరిత్ర

రాసినదాంట్లో ఒక మాట అక్కర్లేదనుకుంటే తీసేయడానికి రెండు దారులున్నాయి. ఆనవాలు లేకుండా చెరిపేయడం ఒకటి; పాత మాట చదవడానికి వీలుగానే ఉంచి, దాని మీద గీత కొట్టడం రెండోది. చదివేవాడికి మొదటిది హాయి. ఆ రాతను నమ్ముకుని పనిచేసేవాడికి మాత్రం రెండోదే కావాలి. నిన్న ఏముంది, ఇవాళ ఏం మారింది, ఎవరు మార్చారు అన్నది తెలియకపోతే అతని పని సాగదు.

తాటాకు మీద ఈ ఎంపిక పెద్దగా ఉండేది కాదు. గంటంతో గీసిన అక్షరం చెరిగేది కాదు. తప్పు పడితే లేఖకుడు దాన్ని కొట్టేసో చుక్కలు పెట్టో ముందుకు వెళ్లేవాడు. మాట వదిలేస్తే అక్కడ హంసపాదు వేసి, పోయిన అక్షరాన్ని పంక్తి పక్కనో అంచులోనో ఎక్కించేవాడు. దిద్దుబాటు కూడా గ్రంథంలో భాగంగా మిగిలేది. అచ్చు వచ్చాక పరిస్థితి తిరగబడింది. ప్రూఫు మీద ఎన్ని కొట్టివేతలున్నా, కంపోజిటరు సీసపు అక్షరాలు మార్చి కూర్చగానే అవన్నీ మాయమయ్యేవి. పుస్తకం శుభ్రంగా వచ్చేది, అది ఎలా మారుతూ వచ్చిందో చెప్పే సాక్ష్యం మాత్రం ప్రూఫు కాగితాలతోపాటు చెత్తబుట్టలోకి పోయేది. అచ్చు తెచ్చిన మేలు ఎంత పెద్దదైనా, ఈ నష్టమూ నిజమైనదే.

మారిన చోటును తప్పనిసరిగా చూపించాల్సిన అవసరం ఇంజినీరింగు డ్రాయింగుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చింది. భిలాయి ఉక్కు కర్మాగారం అలాంటి డ్రాయింగుల మీదే లేచింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మాస్కోలోని గిప్రోమెజ్ సంస్థ డిజైన్లు చేసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1960ల్లో 25 లక్షల టన్నులకూ, 1980ల చివరికి 40 లక్షల టన్నులకూ పెరిగింది. పెంచిన ప్రతిసారీ పాత కట్టడం పక్కన కొత్తది రావాలి, పాత పైపుకు కొత్త పైపు అతకాలి, పాత పునాది కొలత కొత్త లెక్కకు సరిపోవాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కార్మికులు, హిందీ మాట్లాడే ఫోర్‌మన్లు, రష్యన్ నిపుణులు, వాళ్ల మధ్య దుబాసీలు ఉన్న చోట నోటిమాటగా చెప్పిన మార్పు నిలవదు. అది కాగితం మీద కనబడి తీరాలి.

డ్రాయింగు అసలు ప్రతి ట్రేసింగు కాగితం మీద సిరాతో ఉండేది. దాని నుంచి తీసిన అమ్మోనియా ప్రింట్లు సైటుకు వెళ్లేవి. చిక్కంతా ఇక్కడే ఉంది. అసలు ప్రతిని దిద్దడం తేలికే, బ్లేడుతో సిరాను గీకి కొత్త గీత గీస్తే సరిపోతుంది. కానీ బయటికి వెళ్లిన ప్రింట్లు తమంతట తాము మారవు. ఒకే నంబరుతో ఉన్న రెండు ప్రింట్లు ఇద్దరి చేతుల్లో ఉండి, వాటిలో కొలతలు వేరుగా ఉంటే, బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుపడవు. అందుకే టైటిల్ బ్లాకు దగ్గర మార్పుల పట్టిక వచ్చింది. రివిజన్ నంబరు, తేదీ, సంతకం, మార్పేమిటో చెప్పే ఒక చిన్న వాక్యం అందులో ఉంటాయి. డ్రాయింగులో మారిన చోట అదే నంబరుతో చిన్న త్రికోణం వేస్తారు, చుట్టూ మబ్బు ఆకారంలో గీత తిప్పుతారు. పాత ప్రింట్లను వెనక్కి తీసుకుని రద్దు ముద్ర వేస్తారు.

సోవియట్ డిజైన్ సంస్థల నియమం ఇంకా కచ్చితంగా ఉండేది. 1968లో ఆమోదించి 1971 నుంచి అమలుచేసిన అక్కడి ఏకరూప ప్రమాణాల ప్రకారం, మారిన కొలతను సన్నని గీతతో కొట్టేసి కొత్త కొలతను పక్కనే రాయాలి. బొమ్మలో కొంత భాగం మారితే, ఆ భాగం చుట్టూ సన్నని గీత గీసి, దాని మీద అడ్డంగా ఇంటూ గుర్తు కొట్టి, కొత్త బొమ్మను ఖాళీ స్థలంలో వేయాలి. మార్పు నంబరును గీతతో ఆ చోటుకు కలపాలి. గీకి దిద్దే పద్ధతికన్నా ఇది మేలైనది. పునాది 400 మిల్లీమీటర్ల నుంచి 450కి మారిందని షీటు మీదే తెలుస్తుంది, పాత ప్రింటును వెతికి పక్కన పెట్టి పోల్చే అవసరం ఉండదు. మార్పులు ఎక్కువైతే షీటు చదవలేనంత చిక్కుపడుతుంది, అప్పుడు అసలు ప్రతిని కొత్తగా గీయడం తప్పదు.

భిలాయి పట్టాలు కొనే రైల్వేల పద్ధతి వేరు. ట్రాక్ నిర్వహణ మాన్యువల్‌లో ఒక పేరా మారితే, వరుస నంబరుతో కరెక్షన్ స్లిప్పు జారీచేస్తారు. ఫలానా పేరాలో ఫలానా మాటలకు బదులు ఈ మాటలు చదువుకోవాలని అందులో ఉంటుంది. దాన్ని కత్తిరించి పుస్తకంలో అంటించుకునే పని ఉద్యోగిదే. ఇలా స్లిప్పులు ఏళ్ల తరబడి పేరుకుపోయాక 2020లో మాన్యువల్‌ను మళ్లీ కొత్తగా కూర్చారు. రెండు ప్రతులను పోల్చే శ్రమ మొత్తాన్ని చివరి పాఠకుడి నెత్తిన పెట్టిన పద్ధతి ఇది. స్లిప్పు అందనివాడి చేతిలోని పుస్తకం పాతబడినట్టు అతనికి తెలిసే వీలే లేదు.

ఆ పోల్చే పనిని యంత్రానికి అప్పగించడానికి కావలసిన గణితం 1960ల్లోనే మొదలైంది. 1965లో సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ అక్షరాల తొలగింపు, చేర్పు, మార్పిడి అనే మూడు చర్యలతో ఒక వరుస మరో వరుసగా మారడాన్ని లెక్కగట్టాడు. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్, జేమ్స్ హంట్ ‘డిఫ్’ అనే ఆదేశాన్ని తయారుచేశారు. 1974 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో అది బయటికి వచ్చింది. రెండు ఫైళ్లలో క్రమం తప్పకుండా ఉమ్మడిగా ఉన్న పంక్తుల్లో అత్యంత పొడవైన వరుసను అది పట్టుకుంటుంది. ఆ వరుసలో చేరని పాత పంక్తులు తొలగింపులు, కొత్తవి చేర్పులు. బెల్ ల్యాబ్స్‌లోనే పుట్టిన ‘ట్రాఫ్’ అక్షర కూర్పు ప్రోగ్రాముకు ‘డిఫ్‌ఎంకే’ తోడైంది. డిఫ్ కనిపెట్టిన తేడాలను అది నేరుగా అచ్చు పేజీ అంచుకు చేర్చింది. మారిన పంక్తి పక్కన నిలువు గీత పడేది, ఏదైనా తీసేసిన చోట ఒక నక్షత్రం పడేది. కానీ ఏం తీసేశారో ఆ నక్షత్రం చెప్పేది కాదు.

డొనాల్డ్ నూత్ 1978లో టెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రాము తయారుచేశాడు, 1980ల మధ్యలో లెస్లీ లాంపోర్ట్ దాని మీద లేటెక్ కట్టాడు. లేటెక్‌లో కూడా మొదట అంచు గీతలదే రాజ్యం, అదీ ఎక్కువగా రచయిత స్వయంగా గుర్తు పెడితేనే. తీసేసిన మాటలను కూడా పేజీ మీదే చూపే సాధనం 2004లో వచ్చింది. భూకంప శాస్త్రజ్ఞుడు ఫ్రెడెరిక్ టిల్‌మన్ పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలో ‘లేటెక్స్‌డిఫ్’ రాశాడు. ఆదేశం పేరు, పాత ఫైలు, కొత్త ఫైలు వరుసగా ఇస్తే, అది మూడో ఫైలును పుట్టిస్తుంది. ఆ ఫైలును మామూలుగా కంపోజ్ చేస్తే కొత్త మాటలు నీలిరంగులో, అడుగున అలల గీతతో వస్తాయి. పాత మాటలు ఎర్రగా, మధ్యలో అడ్డగీతతో వస్తాయి. ఎర్ర గీత కింద పాత మాట ఇప్పటికీ చదవగలిగేట్టే ఉంటుంది. భిలాయికి వచ్చిన సోవియట్ డ్రాయింగుల నియమం కోరింది కూడా ఇదే.

ఇది చూసినంత సులువైన పని కాదు. డిఫ్ పంక్తులను పోలుస్తుంది కాబట్టి, పేరాలో ఒక్క మాట మారి పంక్తులు జరిగినా, పేరా మొత్తం మారినట్టు చెబుతుంది. అందుకే లేటెక్స్‌డిఫ్ పాఠాన్ని మాటలుగా, ఆదేశాలుగా విడగొట్టి పోలుస్తుంది. తొలగించిన భాగంలో ఆదేశాలుంటే మరో సమస్య. పాత బొమ్మను చొప్పించే ఆదేశాన్నో, పట్టికను మూసే ఆదేశాన్నో అలాగే వదిలితే కంపోజింగు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఏ ఆదేశాలను గుర్తులోపల ఉంచవచ్చో చెప్పే జాబితా ఒకటి ఆ ప్రోగ్రాములో ఉంది. జాబితాలో లేనివాటిని అది చెరిపేయదు, కంపోజింగులో పట్టించుకోని వ్యాఖ్యలుగా మారుస్తుంది. సమీకరణాల్లో గుర్తులు ఎంత సూక్ష్మంగా పడాలో వాడేవారు ఎంచుకోవచ్చు. పట్టికలు మాత్రం నేటికీ మొండిగానే ఉన్నాయి, పెద్ద మార్పులుంటే చేతితో సరిచేసుకోవాల్సిందే.

ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే ప్రోగ్రాము 2005లో వచ్చాక పాత ప్రతిని వేరే పేరుతో దాచుకునే అవసరం తగ్గింది. ‘లేటెక్స్‌డిఫ్-వీసీ’ అనే తోడు ఆదేశం గిట్ చరిత్రలోంచి పాత కూర్పును తానే తీసుకుని పోలుస్తుంది. పరిశోధన పత్రికల సమీక్షకులు సవరణలు కోరినప్పుడు, శుభ్రమైన ప్రతితోపాటు గుర్తులు పెట్టిన ప్రతిని కూడా పంపడం ఇప్పుడు సాధారణమైన ఆచారం. డ్రాయింగు షీట్ల మీద ఎదిగిన భిలాయికి 2016లో ఐఐటీ వచ్చింది, 2024లో దుర్గ్ దగ్గరి కుటేలాభాటాలోని శాశ్వత ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. ట్రేసింగు కాగితం చుట్టల స్థానంలో కంప్యూటర్ల మీద థీసిస్ ఫైళ్లు వచ్చాయి. ఏ కూర్పు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

తెలుగు పాఠానికి ఈ సాధనాలు వాడితే రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది వ్యాకరణానిది. విభక్తులు, క్రియాప్రత్యయాలు మాటకు అతుక్కునే ఉంటాయి కాబట్టి, ‘కర్మాగారంలో’ అన్నది ‘కర్మాగారంలోని’ అయితే, మారింది ఒక్క అక్షరమే అయినా మాట మొత్తం కొట్టివేతగా, మళ్లీ మొత్తం చేర్పుగా పడుతుంది. అక్షరాల స్థాయిలో పోల్చితే ఇంతకన్నా చెడ్డ ఫలితం వస్తుంది. యూనికోడ్‌లో పొల్లుగుర్తు విడి సంకేతం కావడంతో, గీత సంయుక్తాక్షరం మధ్యలోనే తెగవచ్చు. రెండోది లిపి ఆకారానిది. ఒత్తులు పంక్తి కిందికి దిగుతాయి, చేర్పులకు అడుగున వేసే అలల గీత వాటి మీదుగా పోయి ‘క్క’ను, ‘త్త’ను మసకబారుస్తుంది. అందుకే తెలుగుకు గీతలు లేని గుర్తుల శైలి నయం. చేర్పులను రంగు మార్చి, తొలగింపులను ఎర్రగా చిన్న అక్షరాల్లో చూపే ఎంపిక లేటెక్స్‌డిఫ్‌లోనే ఉంది. నలుపు తెలుపు ప్రింటులో రంగు పోతుంది కాబట్టి, అలాంటి ప్రతులకు అంచు గీతలను కూడా చేర్చుకోవాలి.