కిరాయిబండికి బాధ్యుడెవరు?

చార్మినారు వెలసిన 1591వ సంవత్సరమునుండి నేటివరకు పాతనగరపు వీధులలో కిరాయిబండి రూపము పలుమారులు మారినది. పల్లకి పోయి జట్కా వచ్చెను. టాంగా వెనుకబడి సైకిలురిక్షా ముందుకు సాగెను. పిమ్మట ఆటోరిక్షా ఆ స్థానము నాక్రమించెను. నేడు లాడ్‌బజారులో గాజులు బేరమాడి వచ్చిన ఇల్లాలు చేతిఫోనుమీద వ్రేలు మోపినంతనే, పేరైనను ఎరుగని డ్రైవరు వచ్చి ఎదుట నిలుచుచున్నాడు. బండి మారినది, పిలిచెడి తీరు మారినది. కాని ఒక ప్రశ్న మాత్రము మారలేదు. బండిలో కూర్చున్నవారికి గాని, త్రోవను పోవువారికి గాని హాని కలిగినచో జవాబు చెప్పవలసినవారెవరు? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క సమాధానము చెప్పినది. వానిని వరుసగా పరిశీలింతము.

కిరాయిబండ్లను చట్టమునకు లోబరచుట క్రొత్త సంగతి కాదు. లండను నగరములో గుఱ్ఱపుబండ్ల నియమనిబంధనలకై 1654లోనే శాసనము వెలువడెను. బ్రిటిషు ఇండియాలో 1879లో కిరాయిబండ్ల చట్టము పుట్టినది. నిజాము రాజ్యమునకు ఆ చట్టము వర్తించునది కాకపోయినను, దానిలోని ఆలోచన మాత్రము ఆ తరువాతి పాలకులందరు అనుసరించినదే. బండికి లైసెన్సు ఉండవలెను, తోలువానికి గుర్తింపు ఉండవలెను, కిరాయికి పట్టిక ఉండవలెను. బండి ఎవరిదో, తోలినవాడెవడో, పుచ్చుకొనదగిన సొమ్మెంతయో తెలిసినచో తగవు తీర్చుట సులభమని పెద్దల భావము.

హైదరాబాదు సంస్థానము 1932లో మరియొక మార్గము త్రొక్కినది. నిజాము రైల్వే యాజమాన్యమున 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డురవాణా శాఖ ఆరంభమయ్యెను. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థకు మూలము అదియే. బస్సు సర్కారుది, డ్రైవరు సర్కారు నౌకరు, టిక్కెట్టు సర్కారుది. ప్రమాదము జరిగినప్పుడు ఫిర్యాదు ఎవరిమీద చేయవలెనో బాధితుడు వెదకుకొన నవసరము లేదు. యజమాని, పనిచేయించువాడు, కిరాయి పుచ్చుకొనువాడు ముగ్గురును ఒక్కరే.

సైకిలురిక్షా విషయము ఇట్లు కాదు. బండి ఒక సేఠుది, కాలిసత్తువ మరియొకనిది. త్రొక్కువాడు ప్రొద్దున బండి తీసికొని, సాయంకాలమునకు కిరాయి అప్పగించి, మిగిలినదానితో ఇల్లు గడుపుకొనవలెను. లాభము నిలుకడగా ఒకచోటికి పోవుచుండెను, కష్టనష్టములు మరియొకచోట మిగులుచుండెను. తానే త్రొక్కువానికి తప్ప రిక్షా లైసెన్సు ఇయ్యరాదని పంజాబు రాష్ట్రము 1975లో చట్టము చేసినది. ఆ వివాదము సుప్రీంకోర్టునకు రాగా, 1980లో జస్టిస్ కృష్ణయ్యరుగారు త్రొక్కువారికి బ్యాంకు అప్పుతో సొంత రిక్షా సమకూర్చు ఏర్పాటును తీర్పులో చేర్చిరి. సొంతబండి లేనివాని స్వాతంత్ర్యము ఎంతపాటిదో న్యాయస్థానము గుర్తించినదని మనము గ్రహింపవచ్చును.

మోటారుబండ్లు పెరిగినకొలది ప్రమాదములు పెరిగినవి. 1939 మోటారు వాహనముల చట్టము మూడవపక్షపు బీమాను తప్పనిసరి చేసినది. ఆ భాగము 1946 జులై 1నుండి అమలునకు వచ్చెను. 1988 చట్టము అదే బాటను సాగినది. బాధితుడు ట్రిబ్యునలునకు పోవును, బీమా కంపెనీ సొమ్ము చెల్లించును. కాని యజమాని బాధ్యతకు కూడ హద్దు కలదని 1966లో సుప్రీంకోర్టు చెప్పినది. ఒక టాక్సీ యజమాని కారును నడుపుకొమ్మని ఒకరికి అప్పగించెను. ఆ కారును శుభ్రపరచు మనిషి లైసెన్సు పరీక్షకై దానిని నడుపుచు ఒకరిని గాయపరచెను. ఆ వేళ బండి యజమాని పనిమీద నడువలేదు కనుక ఆయన బాధ్యుడు కాడని అధికసంఖ్యాక న్యాయమూర్తులు నిర్ణయించిరి. 1997లో మరియొక తీర్పు వచ్చినది. రాజస్థాన్ రోడ్డురవాణా సంస్థ ఒక ప్రైవేటు బస్సును అద్దెకు తీసికొని నడిపించుచుండగా ప్రమాదము జరిగెను. బస్సు సంస్థది కాకపోయినను, డ్రైవరుమీద అదుపు సంస్థదే కనుక బాధ్యత సంస్థకు కలదని సుప్రీంకోర్టు తేల్చినది. కాగితముమీది పేరు కంటె చేతిలోని పగ్గము ముఖ్యమని ఈ తీర్పు సారాంశము.

ఇపుడు యాప్‌ల కాలమునకు వత్తము. ఓలా 2010లో పుట్టినది. ఊబర్ 2013లో బెంగుళూరుతో మన దేశమున అడుగు పెట్టినది. మేము బండ్లు నడుపువారము కాము, ప్రయాణికుని డ్రైవరుతో కలుపువారము మాత్రమేయని ఇట్టి కంపెనీల వాదము. ఇతరుల సమాచారమును చేరవేయు మధ్యవర్తికి 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 79వ సెక్షను కొంత రక్షణ ఇచ్చుచున్నది. ఆ గొడుగు తమకును చాలునని వారి తలంపు. కాని కిరాయి నిర్ణయించునది ఎవరు? ఏ బండి ఎవరియొద్దకు పోవలెనో చెప్పునది ఎవరు? మార్కులు తగ్గిన డ్రైవరును తొలగించునది ఎవరు? పెండ్లిళ్ల పేరయ్య ఇంత పెత్తనము చేయడు గదా! 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ కారు పిలిచిన ఒక ప్రయాణికురాలు అత్యాచారమునకు గురియైనప్పుడు, డ్రైవరు పూర్వాపరములను విచారించవలసిన భారమెవరిదను ప్రశ్న దేశమంతట మారుమ్రోగెను.

విదేశముల న్యాయస్థానములును ఈ వాదమును పరిశీలించినవి. ఊబర్ చేయునది రవాణా సేవయే గాని వట్టి సమాచారసేవ కాదని ఐరోపా న్యాయస్థానము 2017 డిసెంబరు 20న చెప్పెను. ఊబర్ డ్రైవర్లు కనీసవేతనమునకు, సెలవులకు అర్హులైన పనివారేయని బ్రిటిషు సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న తీర్పు చెప్పినది.

మన పార్లమెంటు 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినది. ఇందులో ఒక చిత్రమైన వంశక్రమము కలదు. టిక్కెట్లు అమ్ము ఏజెంట్లు, ప్రయాణికులను పోగుచేయు కేన్వాసర్లు లైసెన్సు పొందవలెనని చెప్పు పాత 93వ సెక్షనులోనే, వారి సరసన అగ్రిగేటరును చేర్చిరి. బస్సుస్టాండులో కేకవేసి పిలిచినవానికిని, ఫోనులో గంట మ్రోగించువానికిని చట్టము ఒకే పీట వేసినదన్నమాట. లైసెన్సు లేక నడిపిన అగ్రిగేటరుకు 25,000 రూపాయలకు తగ్గకుండ, లక్ష రూపాయల వరకు జుల్మానా కలదు.

2020 నవంబరులో కేంద్రప్రభుత్వము మార్గదర్శకసూత్రములు వెలువరించినది. రద్దీవేళ కిరాయి మూలకిరాయికి ఒకటిన్నర రెట్లు మించరాదనియు, డ్రైవరు రోజునకు 12 గంటలు మించి నడుపరాదనియు అందు చెప్పబడెను. 2025 జులై 1నాటి క్రొత్త సూత్రములు రద్దీకిరాయిని రెండు రెట్ల వరకు అనుమతించినవి. అయితే ఈ సూత్రములు రాష్ట్రము తన నియమములుగా స్వీకరించినప్పుడే బలము పొందును.

పాతనగరమునకు ఈ సంగతి మరింత ముఖ్యము. 2020 ఫిబ్రవరి 7న మెట్రోరైలు మహాత్మాగాంధి బస్సుస్టేషను వరకు వచ్చినను, అప్పుడు మూసీ దాటి చార్మినారు వైపునకు రాలేదు. శాలిబండ, హుసేనీఆలం, యాకుత్‌పురా గల్లీలలో పెద్దబండి తిరుగుట కష్టము. ఇట్టిచోట ఆటోయు, మోటారుసైకిలునే దిక్కు. కిరాయిబండికి పసుపుపచ్చని పలకయు, పర్మిటును ఉండవలెను. సొంతపనికై కొన్న తెల్లపలక మోటారుసైకిలును కిరాయికి త్రిప్పు యువకుడు ప్రమాదమున చిక్కినచో, బీమాపత్రమున కిరాయి వాడకము లేదని కంపెనీ వాదించుటకు చట్టము తావిచ్చుచున్నది. బాధితునికి ముందు చెల్లించినను, ఆ సొమ్మును బండి యజమానినుండి రాబట్టుకొనుమని ట్రిబ్యునలు ఆదేశింపవచ్చును. పూటకూటికై బండి నడిపిన ఇంటిమీద లక్షల అప్పు పడును. పిలుపు పంపిన యాప్ మాత్రము మరుక్షణము మరియొక బండిని పిలుచును.

డ్రైవరు రక్షణకును ఇటీవల కొంత యత్నము జరిగినది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, అగ్రిగేటర్లు వార్షిక వ్యాపారపు మొత్తమునుండి 1 నుండి 2 శాతము వరకు పనివారి నిధికి ఇయ్యవలెనని విధించుచున్నది. తెలంగాణ ప్రభుత్వమును 2025లో ఇట్టి పనివారికై ఒక ముసాయిదా బిల్లును ప్రజల అభిప్రాయమునకు పెట్టినది.

చరిత్ర మనకు చెప్పుచున్నది ఒక్కటే. పగ్గము పట్టినవాడే బండికి జవాబుదారి. సేఠు చేతిలోని పగ్గము కంటికి కనబడెను. యాప్ చేతిలోని పగ్గము కనబడదు. కనబడని పగ్గమును గుర్తించి కాగితముమీద వ్రాయుట నేటి చట్టము పని. అది పూర్తియగువరకు మనమును బండి ఎక్కకముందు పలక రంగు, నంబరు చూచుకొనుట, ప్రయాణపు రసీదును భద్రపరచుకొనుట మంచిది. రేపు తగవు వచ్చిన ఆ రెండే మన సాక్షులు.